బ్యాటరీలు కొనడం మానేసినవాళ్ళు

పది దాటి ఏడు నిమిషాలయింది. గోడ వారగా వేసిన పన్నెండు కుర్చీల్లో పదకొండు ఖాళీ, పన్నెండోదాంట్లో నేను. నిన్న సాయంత్రం దాకా ఇక్కడ ఉన్నవి ఎనిమిదే. వచ్చినవాళ్ళు నిలబడాల్సి వస్తే బాగుండదని పై అంతస్తు నుంచి నాలుగు దింపించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా సంబడం. అద్దాల తలుపు అవతల రోడ్డు మీద జనం పోతూనే ఉన్నారు. తల నెరిసినవాళ్ళు ఎవరు కనిపించినా నా చూపు ముందు వాళ్ళ చెవుల మీదికి పోతుంది. చెవి మిషన్లు అమ్మే కంపెనీలో తొమ్మిదేళ్ళు పనిచేస్తే ఇంతే. మొహాలు మర్చిపోతాను, పేర్లు మర్చిపోతాను, చెవులు మాత్రం మర్చిపోను. అదిగో ఆ గొడుగాయన ఆగాడు, తలెత్తి మా బోర్డు చదువుతున్నట్టున్నాడు, రా నాయనా రా, లోపల చల్లగా ఉంది, కుర్చీలున్నాయి, అమ్మేదేమీ లేదు. లేదు. చెప్పులో పడ్డ రాయి దులుపుకుని వెళ్ళిపోయాడు. నలభై మందికి ఉత్తరాలు రాశాం, శనివారం ఉదయం పదింటికి రమ్మని. అందులో పదిమందైనా రావాలి. రాకపోతే పన్నెండు గంటలకి ఆరువందల పన్నెండు ఇళ్ళకి ఆ మెసేజి వెళ్ళిపోతుంది. కంప్యూటర్లో టైము పెట్టేసి ఉంది, ఎవరూ నొక్కక్కర్లేదు, ఎవరో ఒకరు ఆపితేనే ఆగుతుంది. ఆ ఎవరో ఒకరు నేను కాదు, కౌంటరు వెనక కూర్చుని మూడో కాఫీ తాగుతున్న మా మేడమ్.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆ మాట నాకు నేను ఈ వారంలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. వాళ్ళ నాన్నగారు ఒక్క గదిలో పెట్టిన షాపుని పదకొండు చేసింది. జీతం ఒక్కరోజు ఆలస్యమైతే మా మొహాలు చూడలేక ఆఫీసు వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయేది, కరోనా రోజుల్లో. ఇప్పుడు ఎక్కడెక్కడి మిషన్లూ ఇంటర్నెట్టులో సగం ధరకి దొరుకుతుంటే ఆవిడకి నిద్ర పట్టకపోవడంలో తప్పేముంది. "పదిమంది రానీ. నేనేం వందమందిని అడగట్లేదుగా" అంది నిన్న. నిజమే, అడగలేదు. పది దాటి పదకొండు నిమిషాలు. చెవులు పరీక్షించి మిషన్లు అమర్చే మా ఆడియాలజిస్టు గది తలుపు తీసి తొంగి చూసింది, నన్ను చూసి నవ్వింది, మళ్ళీ వేసుకుంది. ఆ నవ్వు చూస్తే పరీక్ష రాసి ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ నవ్వే నవ్వు గుర్తొచ్చింది. ఎలా రాశావని అడగదు, అన్నం తింటావా అంటుంది.

అసలు ఇదంతా ఒక చిన్న బిళ్ళతో మొదలైంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది చెవి మిషను బ్యాటరీ. వెనకాల స్టిక్కరు ఉంటుంది, అది పీకగానే లోపలికి గాలి పోయి పనిచేయడం మొదలవుతుంది, వారానికి అయిపోతుంది. అట్టకి ఆరు. అంటే ఒక చెవికి మిషను పెట్టుకునే మనిషి నెలన్నరకోసారి మా దగ్గరికి రావాలి, లేదా కబురు పెట్టాలి. రాలేదంటే? ఈ ప్రశ్న తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదు. మార్కెటింగ్ అంటే బోర్డులూ పాటలూ అనుకుంటారు జనం. నా రోజంతా ఎవరు ఏం కొన్నారు, ఏ నెలలో కొన్నారు, మళ్ళీ ఎవరికి అమ్మొచ్చు అని చూడటంతోనే సరిపోతుంది. పదమూడేళ్ళ వివరాలున్నాయి మా దగ్గర: వయసు, ఏ చెవి, ఎంత వినపడదు, ఏ మిషను, ఎవరి ఫోను నంబరు. అవన్నీ అటక మీది సామానులా పడి ఉన్నాయి, మాస్టారు వచ్చేదాకా. కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరై, ఇంట్లో తోచక ఏఐ నేర్చుకుని మా దగ్గర చేరారు ఆయన. తాను తయారుచేసిన ప్రోగ్రాముకి చిలక అని పేరు పెట్టారు. "జోస్యం చెప్తుందమ్మా, కానీ ముందు మనం గింజలు వెయ్యాలి. తాలు గింజలు వేస్తే తాలు జోస్యమే" అనేవారు. కొత్త మిషను ఎవరు కొంటారో చెప్పమని మేము చిలకని అడిగాం. అది బ్యాటరీల గింజలన్నీ ఏరుకుని తిని, అడగని జవాబు ఒకటి చెప్పింది. ఆరువందల పన్నెండు మంది బ్యాటరీలు కొనడం మానేశారు. కొత్తవి ఇంకెక్కడో కొంటున్నారేమో అన్నాను నేను. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "కొందరు కొంటూ ఉండొచ్చు. మిగతావాళ్ళు మిషను తీసి పక్కన పెట్టేశారు. అంటే ఇంత డబ్బు పోసి కొనుక్కుని కూడా, ఈ క్షణం వాళ్ళకి ఏమీ వినపడట్లేదన్నమాట" అన్నారు.

తలుపు తెరుచుకుంది! మేడమ్ కప్పు కింద పెట్టింది, నేను లేచి నిలబడ్డాను. కాలేజీ కుర్రది, చేతిలో కాగితాలు. "ఇక్కడ జెరాక్సు తీస్తారా?" పక్క సందులో, అని చూపించాను. మేడమ్ మళ్ళీ కప్పు తీసుకుంది. పదీ పద్దెనిమిది.

తప్పు నాదీ ఉంది. ఆరువందల పన్నెండు మందిని మళ్ళీ మన దగ్గరికి తెచ్చుకోవాలంటే ఏం చేయాలి అని మేడమ్ అడిగితే, ఫోన్లు చేయిద్దాం అన్నది నేనే. ఏఐ గొంతుతో, తేనెలాంటి గొంతుతో, పేరు పెట్టి పలకరించే ఫోన్లు. మూడుసార్లు చేయించాం. ఎత్తినవాళ్ళు తొమ్మిదిమంది. మిగతావాళ్ళందరి పేర్ల పక్కనా చిలక 'ఆసక్తి లేదు' అని రాసి పెట్టింది, మేమూ తలలూపాం. ఎవరికీ, చదువుకున్నవాళ్ళం, ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. వినపడదని తెలిసినవాళ్ళకి ఫోను చేస్తున్నాం! చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే, అదీ కంపెనీ ఖర్చుతో, మూడుసార్లు. ఇక ఫోన్లు కాదు, వాళ్ళు చదువుకునేలా మెసేజీలు పంపుదాం అంది మేడమ్. చిలక ఆరు రకాలుగా రాసింది. కొద్దిమందికి పంపి చూశాం, ఏది ఎక్కువమంది తెరుస్తారో అని. మర్యాదగా ఉన్నవి ఎవరూ తెరవలేదు. ఒకటి మాత్రం అగ్గిలా అంటుకుంది. 'ఇంట్లోవాళ్ళు మీ గురించి ఏం మాట్లాడుకుంటున్నారో మీకు వినపడుతోందా?' తెరిచిన ప్రతి ముగ్గురిలో ఒకరు కొత్త మిషను ధర అడిగారు. మీటింగులో మేడమ్ బల్ల మీద చెయ్యి వేసి, "ఇదే. ఇది అందరికీ పంపండి" అంది. వద్దు మేడమ్ అన్నాను. ఎందుకు అంది. భయపెట్టి అమ్మడం మంచిది కాదు అన్నాను. "భయం వాళ్ళకి ముందే ఉంది, మనం పెట్టింది కాదు" అంది. నాకు జవాబు తెలుసు. అందరి ముందూ చెప్పగలిగింది కాదు అది.

ఎందుకంటే అంతకు నాలుగు రోజుల ముందు మాస్టారు జాబితా ముద్రించి తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక వరస మీద పెన్సిలు ఆనించి, "ఈ నంబరు మీదే కదమ్మా?" అన్నారు. నాదే. ఎడమ చెవి, డెబ్బయ్యొక్కేళ్ళు, స్త్రీ. బ్యాటరీలు చివరిసారి కొన్నది మార్చి తొమ్మిది. మూడుసార్లు ఫోను కట్ చేశారు, ఆసక్తి లేదు. కట్ చేసింది నేనే. ఎవరో అప్పులిస్తామనే వాళ్ళనుకుని విసుక్కుని కట్ చేశాను, మా కంపెనీ ఫోనే, నేను పెట్టించిన ఫోనే. ఆ డెబ్బయ్యొక్కేళ్ళ స్త్రీ మా అత్తగారు. నాతో ఒకే ఇంట్లో, నా పక్క గదిలో ఉంటారు. రోజూ పొద్దున ఆవిడ చేతి కాఫీ తాగే నేను, ఊరందరి చెవులూ చూసే నేను, ఐదు నెలలుగా ఆవిడ చెవి వెనక ఏమీ లేదని చూడలేదు. జుట్టు వదులుగా వేసుకుంటారు, కనపడదు, అని మాస్టారితో ఏదో అన్నాను. ఆయన తలూపారు. పాపం, మంచివారు.

చూడకపోవడం కాదు. అది కూడా అబద్ధమే. నాకు హాయిగా ఉండింది. మా అత్తగారి నోరు అలాంటిలాంటిది కాదు. కుక్కరు మూత పెట్టిన తీరు దగ్గర్నుంచి నేను మెట్లు దిగే చప్పుడు దాకా ఆవిడ వ్యాఖ్యానం లేకుండా ఆ ఇంట్లో ఏదీ జరిగేది కాదు. బట్టలు ఆరేస్తే, చొక్కాలు తలకిందులుగా ఆరేసేది నువ్వొక్కదానివే అనేవారు. నేనూ తక్కువ తినలేదు. మావారు మా ఇద్దరి మధ్యా పేపరు అడ్డం పెట్టుకుని బతికారు. అలాంటిది, ఎండలు ముదిరే రోజుల్లో ఆవిడ మెత్తబడ్డారు. అడిగితే తప్ప మాట్లాడరు, మాట్లాడినా సరేలే అమ్మాయ్ అంటారు, నవ్వుతారు. వయసొచ్చాక పెద్దరికం వచ్చింది అనుకున్నాను. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను, మా అత్తగారు మారిపోయారు, నక్కతోక తొక్కానని. వినపడని మనిషి దేనికి గొడవ పడుతుంది? నేను శాంతి అనుకున్నది నిశ్శబ్దం. ఆ తేడా నాకు చెప్పడానికి ఒక చిలక కావాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, ఆవిడ పార్కులో నడవడానికని వెళ్ళినప్పుడు ఆవిడ గదిలో బల్ల సొరుగు తీశాను. మిషను ఉంది, కళ్ళజోడు పెట్టెలో, చిన్న గుడ్డలో చుట్టి. పారేసిన మనిషి అలా చుట్టదు. బ్యాటరీల అట్ట ఉంది. ఆరింటిలో నాలుగు అలాగే ఉన్నాయి. రెండు వాడారు. రెండంటే రెండు వారాలు. మార్చి తొమ్మిది నుంచి లెక్కేస్తే ఇరవైరెండో, ఇరవైమూడో. చిలకకి ఇంతవరకే తెలుసు. ఎప్పుడన్నది తెలుసు, ఎందుకన్నది తెలీదు. మిగతాది నా లెక్క. నా ఫోను బిల్లు తీసి చూశాను. ఇంత అనుమానంగా ఏ ఖాతాదారుడి వివరాలూ ఎప్పుడూ చూడలేదు. మార్చి ఇరవైరెండు, ఆదివారం, మధ్యాహ్నం, మా అక్కకి, నలభైమూడు నిమిషాలు. ఆ రోజు గుర్తొచ్చింది. చొక్కాల మీద గొడవ. వెనక వరండాలో నిలబడి అక్కతో చెప్పుకున్నాను, మెల్లగానే, మెల్లగానే అనుకున్నాను. ఈవిడ నోరు మూతపడితే చాలక్కా, ఇంకేం వద్దు నాకు, అన్నాను. అంతకంటే ఎక్కువే అన్నాను. వరండా పక్క గదిలో ఆవిడ. చెవిలో మా కంపెనీ మిషను, గోడ అవతలి గుసగుస కూడా వినిపిస్తుందని నేనే ప్రకటన రాసిన మిషను. ఆ మర్నాడు నుంచీ ఆవిడ నోరు మూతపడింది. నేను కోరుకున్నట్టే.

క్షమించమని అడగలేదా అంటే అడిగాను. అదే రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఏంటీ?" అన్నారు. మళ్ళీ చెప్పాను. "ఆ, సరేలే" అన్నారు, కూరేదో బాగుందంటున్నాను అనుకుని. గొంతు పెంచాను. మావారు పేపరు దించారు. ఇంకా పెంచితే పక్కింటి కిటికీ తెరుచుకుంది. క్షమాపణ అరిచి చెప్తే అది కూడా తిట్టులాగే ఉంటుంది. అప్పటికి ఆపేసి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా వంక చూసి, "జ్వరం వచ్చిందా?" అన్నారు. మిషను పెట్టుకోండి అత్తయ్యా అని చెవి చూపించి సైగ చేస్తే తల అడ్డంగా ఊపారు. రెండుసార్లు. అప్పుడు నాకు అర్థమైంది, మేము పంపబోయే ఆ మెసేజి ఏం చేస్తుందో. 'ఇంట్లోవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినపడుతోందా?' వినపడింది కాబట్టే కదా తీసి సొరుగులో పెట్టింది.

మేడమ్‌కి విడిగా వెళ్ళి చెప్పాను. అంతా చెప్పాను, అక్కతో అన్న మాట కూడా. ఆవిడ చాలాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చుంది. "మీ ఇంటి కథ వేరు, వ్యాపారం వేరు" అంది, కానీ గొంతు మెత్తగా ఉంది. ఒక్క శనివారం ఇవ్వండి అన్నాను. ఒక్క బ్రాంచి. అమ్మడానికి కాదు, ఎందుకు మానేశారో అడగడానికి. నొప్పి పెడుతుంటే సరిచేద్దాం, ఊరికే. ఫోను కాదు, మెసేజి కాదు, ఉత్తరం, పెద్ద అక్షరాలతో. చిలకే రాసింది ఉత్తరాలు, ఒక్కొక్కరికీ వాళ్ళ మిషనేదో, ఏ చెవో చూసి. మొదటిసారి రాసింది చదివితే పెళ్ళి శుభలేఖలా ఉంది. మీ అమూల్యమైన ఆదరణ, మా హృదయపూర్వక... అవన్నీ కొట్టేశాను. 'మీరు మార్చి నుంచి బ్యాటరీలు కొనలేదని మా వివరాల్లో ఉంది. మిషను పెట్టుకోవడం మానేశారేమో అనిపించింది. కారణం తెలిస్తే సరిచేస్తాం.' అంతే ఉంచాను. "మనం గమనిస్తున్నామని మనమే చెప్పుకుంటామా? బెదిరిపోరూ?" అంది మేడమ్. గమనిస్తూ గమనించనట్టు నటిస్తేనే కదా బెదరాల్సింది అన్నాను. ఇలా చూడటం ఇష్టం లేకపోతే ఈ కాగితం వెనక్కి పంపండి, మీ వివరాలు తీసేస్తాం అని కింద రాయించాను. ముగ్గురు పంపారు. అందులో ఒకాయన ఎర్ర సిరాతో, మీకు పనీపాటా లేదా అని రాశారు. ఆయన వివరాలు ఆ రోజే తీసేశాం. మాస్టారు ఆ కాగితం దాచుకున్నారు, క్లాసులో పిల్లలకి చూపించాల్సిన రకం అని. నలభై ఉత్తరాల మీదా నేను చేత్తో సంతకం పెట్టాను. ముప్ఫై తొమ్మిదింటి మీద సంతకం కింద మార్కెటింగ్ మేనేజరు అని. ఒకదాని మీద ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని టీ చల్లారేదాకా కూర్చున్నాను. చివరికి 'కోడలు' అని రాశాను. ఆ ఉత్తరం సోమవారం మా ఇంటికే వచ్చింది, పోస్టులో. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదవడం వంటింట్లోంచి చూశాను. మడిచి కవర్లో పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు. ఇవాళ్టికి ఐదు రోజులు. ఒక్క మాట లేదు. పొద్దున నేను బయల్దేరుతుంటే అలవాటుగా కాఫీ ఇచ్చారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పదీ ముప్ఫై ఆరు. మేడమ్ గడియారం వంక చూడలేదు గానీ చూడకుండా ఉండటానికి పడుతున్న కష్టం కనిపిస్తోంది. మాస్టారు మూలన లాప్‌టాప్ ముందు కూర్చుని ఏమీ టైపు చేయట్లేదు. శనివారం పెట్టకుండా ఉండాల్సింది. లేదా ఉత్తరాలే చేరలేదేమో. లేదా నేనే పొరబడ్డానేమో, మనుషులకి నిశ్శబ్దమే బాగుందేమో, ఈ హారన్లూ టీవీలూ కోడళ్ళూ వినపడకుండా. నాకేం హక్కుంది వాళ్ళని మళ్ళీ ఈ గోలలోకి లాగడానికి...

"మీరేనా ఉత్తరం రాసింది?"

గుమ్మంలో ఒకావిడ. మెడలో టేపు, జాకెట్టు అంచుకి రెండు గుండుసూదులు. టైలరు. షాపు మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది. కవరు నా మొహం ముందు పెట్టి, వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో అడిగింది. నేనే అని తలూపాను. "కుట్టు మిషను ముందు కూర్చుంటే చెవిలో రైలు పోతోంది! మీ వాళ్ళకి చెప్తే అలవాటైపోద్దన్నారు. ఏడాది చూశా. కుట్టు మిషను మానాలా, చెవి మిషను మానాలా? కుట్టేది అన్నం పెడుతోంది, అందుకని దీన్ని మానేశా." ఆడియాలజిస్టు ఆమెని లోపలికి తీసుకెళ్ళింది. ఇరవై నిమిషాల పని. మోత ఉన్నచోట ఒక మీట నొక్కితే ఆ మోతని అణిచేలా సరిచేసింది. ఆ మీట ఆ మిషన్లో మొదటి నుంచీ ఉందట. ఎవరూ చెప్పలేదు. ఆమె బయటికొచ్చి, కాసేపు మా గది మధ్యలో ఊరికే నిలబడి, "మీ గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందే" అంది. మేము ముగ్గురం తలెత్తి చూశాం. మాకెవరికీ ఎప్పుడూ వినపడలేదు.

ఆమె ఉండగానే ఇంకొకాయన వచ్చాడు, ముప్ఫయ్యేళ్ళు లారీ నడిపినవాడు, భార్య తోడుగా. కారణం అడిగితే సిగ్గుపడి చేతులు చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. అంత చిన్న బ్యాటరీ ఆ వేళ్ళతో పెట్టలేడు, రోజూ భార్యని అడగలేడు, అందుకని వినపడకపోయినా పర్లేదని ఒప్పేసుకున్నాడు. "లారీ టైరు మారుస్తాను గానీ దీని బ్యాటరీ మార్చలేనండీ" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుతున్నప్పుడే బ్యాటరీ చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. వెతికింది ఎవరో తెలుసా, మా మేడమ్. కాఫీ వదిలేసి, కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, పట్టు చీర నేలకి రాసుకుంటుంటే మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద వెతికింది. దొరికాక లేవలేదు, అక్కడే కూర్చుని ఆయన వేళ్ళ వంకే చూసింది. కొనకి అయస్కాంతం ఉన్న పుల్ల ఒకటుంటుంది, బ్యాటరీ దానికి అతుక్కుంటుంది. అది తెచ్చి ఆయన చేత్తోనే పెట్టించింది, రెండుసార్లు తప్పాడు, మూడోసారి కుదిరింది. తరవాత ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లికి చెవిలో పెట్టే అచ్చు బిగుతై ఒరుసుకుని పుండు పడింది. ఆ తరవాత రిటైరైన నర్సు, ఏ కారణమూ లేదు, మర్చిపోయానమ్మా అంది, మర్చిపోయి మర్చిపోయి అలవాటు తప్పింది. పదకొండున్నరకి ఆరుగురు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కరు చెప్పిందీ, రాసుకోవచ్చా అని అడిగి మరీ రాస్తున్నాను. మాస్టారు నా భుజం మీంచి చదువుతూ, చేతులు రుద్దుకుంటూ, "ఇవమ్మా, ఇవీ గింజలు. మన దగ్గర 'ఎప్పుడు' ఉంది, 'ఎందుకు' లేదు. ఇవి వేస్తే చిలక మూడో వారంలోనే చెప్తుంది, ఐదు నెలలు ఆగక్కర్లేదు" అన్నారు.

మేడమ్ ఆయన దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, ఆ పన్నెండింటిది ఆపేయండి."

"పదిమంది కాలేదు కదా మేడమ్" అన్నాను. ఎందుకన్నానో, బుద్ధి తక్కువై.

"నాకు లెక్కలొచ్చు" అంది నా వంక చూడకుండా. "మిగతా పది బ్రాంచిలకీ ఉత్తరాలు రాయండి. శుభలేఖలా మాత్రం రాయకండి." మాస్టారు ఒకే ఒక్క మీట నొక్కారు. అంతే. వారం రోజులు నా గుండె మీద కూర్చున్నది ఒక్క వేలితో లేచిపోయింది. ఒంటిగంటకి షాపు కట్టేసే వేళకి వచ్చినవాళ్ళు ఎనిమిదిమంది. ఎనిమిదోవారి సంగతి చెప్పాలి.

పన్నెండుంపావుకి వచ్చారు. బస్సులో వచ్చారు, ఒక్కరే, ఇస్త్రీ చీర, చేతిసంచీ, అందులో కళ్ళజోడు పెట్టె. నన్ను చూశారు, చూసి, మిగతావాళ్ళలాగే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు, వంతు కోసం. ఆడియాలజిస్టుకి తెలీదు ఆవిడెవరో. లోపలికి పిలిచింది, నన్నూ రమ్మంది, కారణం రాయాలి కదా. ఆవిడకి వినపడదు కాబట్టి కాగితం మీద పెద్దగా రాసి చూపించింది: 'మిషను ఎందుకు మానేశారు?' మా అత్తగారు నా చేతిలో పెన్ను తీసుకున్నారు. నింపాదిగా, గుండ్రటి అక్షరాలతో, కాగితం మీద రాసి నా వైపు తిప్పారు. 'మిషను బాగానే పనిచేసింది.'

ఆడియాలజిస్టుకి అర్థం కాలేదు. నా వంక చూసింది, ఏమనుకుందో, ఇంకేమీ అడగకుండా మిషను తుడిచి, కొత్త బ్యాటరీ స్టిక్కరు పీకి, గాలి లోపలికి పోయేదాకా ఆగి, లోపల పెట్టి, ఆవిడ జుట్టు పక్కకి తీసి చెవికి అమర్చింది. "ఏమైనా మాట్లాడండి మేడమ్, మామూలు గొంతుతో. వినపడుతోందో లేదో చూద్దాం" అంది నాతో. మామూలు గొంతు. ఐదు నెలల్లో నేను మామూలు గొంతుతో అన్నదేదీ ఆవిడకి వినపడలేదు. గది చిన్నది, తలుపు మూసి ఉంది, మాట ఎక్కడికీ పోదు.

"అత్తయ్యా" అన్నాను. "ఆ రోజు వరండాలో నేనన్నది మీరు విన్నారు. అనకూడని మాట. మీరు మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. నన్ను క్షమించండి."

ఆవిడ కదల్లేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆడియాలజిస్టు గబుక్కున కంప్యూటరు వైపు తిరిగి, అక్కడ లేని పనేదో చేయడం మొదలుపెట్టింది. అప్పుడు ఆవిడ మొహం చిట్లించి, తల పైకెత్తి చూశారు.

"ఆ ఫ్యానేంటమ్మా, కిర్రుకిర్రుమని చంపేస్తోంది? ఇంత పెద్ద కంపెనీలో దానికి కాస్త నూనె వేసే దిక్కు లేదా?" తరవాత కుర్చీ నా వైపు జరుపుకుని, కొంగు సర్దుకుని, "దాని గోలలో సగమే వినపడింది. మళ్ళీ చెప్పు" అన్నారు.

లేచి ఫ్యాను కట్టేసి వచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని, మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.